జెండగుట్ట డబ్బా

"కాలు జారితే? రాళ్ల సందుల పాముంటే? తేనెటీగలు లేస్తే పిల్లలు ఎటు ఉరుకుతరు? గుట్ట మీద నీళ్లున్నయా, దవాఖాన ఉన్నదా, పిలిస్తే వచ్చే మనిషున్నడా?"

నేను ఇవన్నీ అడిగేసరికి శివమ్మ ఇంకా చెప్పులు కూడా విడవలేదు. బడి నుంచి వస్తూ వాకిట్లోనే, "అమ్మా, ఆదివారం మా టీచర్ మమ్మల్ని జెండగుట్ట ఎక్కిస్తదంట" అన్నది. అన్నది అంతే. మా ఆయన వీరప్ప అరుగు మీద కూర్చుని తాడు పేనుతున్నాడు. తల ఎత్తకుండానే, "పిడుగు మర్చిపోయినవు" అన్నాడు.

"ఎగతాళి చెయ్యి. ఏమన్న అయినంక ఏడుద్దువు గాని."

"ఏం గాకముందే నువ్వు ఏడుస్తున్నవు గద. ఇంటికి ఒక్కరు సాలు."

నా భయాలు మా వాడంతటికీ నవ్వులాట. ఆయన సైకిలు హ్యాండిలుకు నిమ్మకాయ కట్టేదాన్ని, బర్రె మెడలో నల్లదారం వేసేదాన్ని, అల్లం చేను గట్టు మీద దిష్టికుండ పెట్టించేదాన్ని. "సుగుణక్క ఇంట్ల పిల్లి గూడ తాయెత్తు లేకుంట బయటికి రాదు" అనేది మా పక్కింటి నారమ్మ. నేనూ నవ్వేదాన్ని. శివమ్మకు ముందు ఇద్దరు పిల్లలు ఏడాది నిండకుండానే నా చేతుల్లో పోయారు. ఆ మాట ఎవరితోనూ అనేదాన్ని కాదు. నిమ్మకాయలు మాత్రం కడుతూ ఉండేదాన్ని.

"ఇంతకూ గుట్ట మీద ఏమున్నదని పోవుడు?" అని అడిగాను.

"డబ్బా ఉన్నది" అన్నది శివమ్మ.

మా ఊరు మొగుడంపల్లి దిక్కు పోయే రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉంటుంది. జెండగుట్ట ఊరికి రెండు మైళ్లు. ఎప్పుడో సర్వే వాళ్లు వచ్చి కొన మీద ఒక రాయి పాతి, దాని పక్కన జెండా ఎగరేసి పోయారట. జెండా గాలికి చిరిగి పోయింది గానీ పేరు నిలిచింది. మేకల కాపరులు తప్ప అటు ఎవరూ పోరు. ఆ గుట్ట మీద అనంతమ్మ టీచర్ ఒక పాలపొడి డబ్బా దాచిపెట్టి వచ్చిందట.

అనంతమ్మ టీచర్ సంగారెడ్డి మనిషి. మా బడికి వచ్చి రెండేళ్లయింది. పెళ్లి కాలేదు, ఒంటరిగా శరణప్ప పటేల్ ఇంటి పక్క అర్రలో కిరాయికి ఉండేది. లెక్కలు చెప్పేది. ఆడపిల్లలను గైడ్స్ అని జమచేసి, మెడకు రుమాళ్లు కట్టించి, సీటీ ఊదుతూ నడిపించేది. ఆ డబ్బా కూడా గైడ్స్ పనేనట. పిల్లలకు ఒక చీటీ ఇస్తుంది. దారి పొడుగునా నేల మీద రాళ్లతో బాణం గుర్తులు పెట్టి ఉంటాయి. వాటిని పట్టుకుని ఎక్కి, చీటీలో రాసినట్టు వెతికి, డబ్బా పట్టుకోవాలి. డబ్బాలో ఒక నోటుబుక్కు, పెన్సిలు ఉంటాయి. దొరికినవాళ్లు పేరు, తారీకు రాయాలి. తమ వస్తువు ఒకటి అందులో పెట్టాలి. మళ్లీ డబ్బాను అక్కడే దాచి రావాలి, వచ్చే ఏడు పిల్లల కోసం.

"దొరికితే ఏమిస్తరు?" అన్నాను.

"ఏమియ్యరు."

"మరెందుకే?"

"దొరుకుతది గద అమ్మా" అన్నది, నాకే అర్థం కావడం లేదన్నట్టు.

పంపనన్నాను. రెండు రోజులు అది అన్నం సరిగా తినలేదు. మూడో రోజు నేనే బడికి పోయి, నేను కూడా వస్తేనే పంపుతానన్నాను. టీచర్ కోప్పడుతుందనుకున్నాను. ఆమె నవ్వి, "రండి సుగుణమ్మగారూ, పిల్లలను ఎంచేందుకు నాకూ ఒక మనిషి కావాలె" అన్నది.

నేను పోతున్నానని తెలిసి నారమ్మ తన బిడ్డ యాదమ్మను కూడా పంపింది. "నువ్వున్నవని పంపుతున్న అక్కా. లేకుంటె దాని నాయిన ఎంకయ్య గడప దాటనియ్యడు" అన్నది. యాదమ్మ, శివమ్మ ఒకటే తరగతి. ఒకే పలక మీద రాసుకున్న పిల్లలు.

ఆదివారం పొద్దున్నే లేచి నా జాగ్రత్త నేను చేసుకున్నాను. ఒక నిమ్మకాయకు నల్లదారం గుచ్చి, సూదిని దాంట్లోనే వదిలేశాను. ఇనుము ఉంటే గాలి దగ్గరికి రాదని మా అవ్వ చెప్పేది. ఝరాసంగం గుడి నుంచి తెచ్చిన విభూతి అద్ది, నా పాత గళ్ల చీర కొసను చింపి అందులో చుట్టి కొంగున ముడి వేసుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు మూడు బాటలు కలిసే చోట పారేద్దామనుకున్నాను.

పదకొండు మంది పిల్లలు, టీచర్, నేను. కార్తీకం ఎండ పొద్దున్నే మెత్తగా ఉన్నది. చెరుకు చేల పక్క నుంచి పోయి, వాగు దాటగానే ఎర్రమొరం దారి మొదలైంది. పిల్లలు నేల మీది రాళ్ల బాణాలను చూసి కేకలు పెట్టుకుంటూ ముందుకు ఉరుకుతున్నారు. నేను వెనక నుంచి ఎంచుతున్నాను. పదకొండు. సీతాఫలం పొదలు దాటినాక మళ్లీ ఎంచాను. పది. వెనక్కి ఉరికాను. ఒకతి కూర్చుని కాలిలో ముల్లు తీసుకుంటున్నది.

"ఎన్నోసారి సుగుణమ్మగారూ?" అన్నది టీచర్.

"లెక్కలు మీరు చెప్తరు టీచరమ్మా. ఎంచుడు మాత్రం నాకొచ్చు."

ఆమె పెద్దగా నవ్వింది. ఒంటరి ఆడమనిషి అంత పెద్దగా నవ్వవచ్చా అనిపించింది నాకు. ఆ మాటా నిజమే, రాస్తున్నాను.

సగం పైకి పోయాక దారి సన్నబడింది. ఒక దిక్కు బండ, ఒక దిక్కు లోయ. రాళ్లు కాలి కింద దొర్లుతున్నాయి. పిల్లల్లో ఎవరు జారుతారో అని అందరి కాళ్లూ చూస్తూ నా కాలు చూసుకోలేదు. జారింది నేనే. మోకాలి మీద పడి, కిందికి పోతున్న నన్ను యాదమ్మ వచ్చి రెక్క పట్టుకుని ఆపింది. సన్నని పిల్ల. ఎక్కడిదో అంత బలం.

"నన్ను పట్టుకో పెద్దమ్మా. నేను పడను" అన్నది.

అక్కడి నుంచి కొన దాకా దాని చెయ్యి వదలలేదు నేను.

పైన గాలి చీర నిలవనివ్వడం లేదు. కింద బొంబాయి రోడ్డు సన్నగా మెరుస్తున్నది. పిల్లలు వేళ్లతో చూపించుకుంటూ బడి అదీ, చావడి ఇదీ అంటున్నారు. మా ఇల్లు ఏదో నాకు దొరకలేదు. ఎంత చూసినా దొరకలేదు. దాంతో ఇంకా భయమేసింది.

చీటీ యాదమ్మ చదివింది. "సర్వే రాయి కాడ నిలబడి, పొద్దుగూకే దిక్కు ఇరవై అడుగులు వెయ్యండి. పండుకున్న బర్రె లెక్క ఒక బండ ఉంటది. దాని గదువ కింద చూడండి." ఇరవై అడుగులు ఎవరివి, టీచర్‌వా పిల్లలవా అని కాసేపు కొట్లాడుకున్నారు. ఒక్కొక్కతి ఒక్కో బండను బర్రె అన్నది. చివరికి యాదమ్మే ఒక బండ గడ్డం కింద చెయ్యి పెట్టి, "ఉన్నదీ!" అని అరిచింది. గుట్టంతా మారుమోగింది. పిల్లల మొహాలు చూస్తే, శివమ్మ చెప్పిన మాట నాకు అప్పుడు కొంచెం అర్థమైంది.

యాదమ్మకు దొరికింది గనుక నోటుబుక్కులో మొదటి పేరు దానిది. తారీకు వేసి, జడకున్న ఎర్ర రిబ్బను విప్పి డబ్బాలో పెట్టింది. శివమ్మ తన గౌను గుండీ పెట్టింది. ఒకతి గాజు, ఒకతి తలపిన్ను. డబ్బా చిన్న దుకాణంలాగా నిండింది.

ఆ వస్తువులు చూసేసరికి నాకు ఊళ్లో అనుకునే మాట గుర్తొచ్చింది.

ఆ ఏడు మా చుట్టుపక్కల ఊళ్లలో బాణామతి మాటే. మనిషి పేరు, ఒంటి మీది వస్తువు దొరికితే చాలు, చేసేవాళ్లు దాన్ని తీసుకుపోయి రాయి కింద పెడతారనీ, పెట్టిన నాటి నుంచి ఆ మనిషి కడుపులో సూదులు పొడుస్తాయనీ చెప్పుకునేవాళ్లు. అనుమానం వచ్చిన వాళ్లను కట్టేసి, నోట్లో మంత్రం నిలవకుండా పళ్లు పీకేవాళ్లు. అట్లా పళ్లు పోయిన ముసలామెను నేను జహీరాబాద్ అంగడిలో కళ్లారా చూశాను. టీచర్‌ది ఆట అని నాకు తెలుసు. పిల్లలు రాసిన నోటుబుక్కు నేనే చదివాను, అయిదో తరగతి దాకా చదివినదాన్నే. కానీ డబ్బాను ఇంకెవరైనా చూస్తే? నా బిడ్డ పేరు, నా బిడ్డ గుండీ ఈ రాయి కింద ఏడాది పొడుగునా పడి ఉంటే?

పిల్లలు అటుకులు తింటున్నారు. టీచర్ వాళ్లకు నీళ్లు పోస్తున్నది. నేను బండ దగ్గరికి పోయి, కొంగు ముడి విప్పి, నిమ్మకాయను గుడ్డతో సహా డబ్బాలో అడుగున పెట్టాను. పెడుతూ శివమ్మ పేరు మూడుసార్లు అనుకున్నాను.

పదకొండు మంది పిల్లలుండగా ఒక్క పేరే అనుకున్నాను. అప్పుడు అది తప్పని కూడా తోచలేదు.

అందరం క్షేమంగా దిగాం. వాగు దగ్గర ఎంచితే పదకొండు. ఆ పూట నా అంత గొప్పది లేదనుకున్నాను.

మూడు వారాలకు యాదమ్మకు జ్వరం వచ్చింది. మొదట ఊరి డాక్టరు సూదులు వేశాడు. తగ్గలేదు. జహీరాబాద్ దవాఖానకు తీసుకుపోతే టైఫాయిడ్ అన్నారు, మందులిచ్చారు, దిగడానికి రోజులు పడుతుందన్నారు. ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టారు. నేను జావ కాచి తీసుకుపోతే నన్ను గుర్తుపట్టింది.

"కడుపుల సూదులు గుచ్చినట్టయితున్నది పెద్దమ్మా" అన్నది.

జావ గిన్నె అక్కడే పెట్టి ఇంటికి వచ్చి తలుపు వేసుకున్నాను. నా బిడ్డ మీదికి రావలసింది నా నిమ్మకాయ ఆపిందా? ఆపితే అది ఎటు పోయింది? పక్కనున్న పేరు మీదికి పోయిందా? తెల్లారేదాకా ఇదే. ఎవరిని అడగాలి? మా ఆయనను అడిగితే, "జ్వరం జ్వరమే. నీ నిమ్మకాయకు అంత బలముంటె మన అల్లానికి కుళ్లు రాకపోతుండె" అన్నాడు. ఆ మాట పట్టుకుని రెండు రోజులు గడిపాను.

మూడో రోజు మధ్యాహ్నం మేకల ఈరయ్య గుట్ట దిగి వచ్చాడు. ముసురు పట్టి బండ కింద కూర్చుంటే డబ్బా కనబడిందట. మూత తీసి, చూసి, చెయ్యి తగలకుండా దాన్ని గొంగడి కొసలో వేసి కట్టెకు వేలాడదీసి చావడి ముందర దించాడు. ఊరంతా చేరింది. కట్టెతో కదిపి బయటికి దొర్లించారు. నోటుబుక్కు, గాజు, పిన్ను, గుండీ, ఎర్ర రిబ్బను. వాటితో పాటు సగం విడిన గుడ్డలో నల్లబడి ముడుచుకుపోయిన నిమ్మకాయ, దానిలో తుప్పుపట్టిన సూది.

నారమ్మ తన బిడ్డ రిబ్బను గుర్తుపట్టింది. ఎవరో నోటుబుక్కును పుల్లతో తెరిచి మొదటి పేరు చదివారు. యాదమ్మ. ఆమె పెట్టిన కేక మా ఇంటికి వినబడింది.

నేను చావడి దాకా పోలేదు. గోడ పక్క నుంచి చూసి వెనక్కి వచ్చాను. పొయ్యి ముందు కూర్చున్నాను. మా ఆయన చేను నుంచి ఉరికి వచ్చాడు.

"ఆ నిమ్మకాయ నీదేనా?"

తల ఊపాను.

ఆయన వాకిటి దిక్కు తొంగి చూసి వచ్చాడు. "నోరు తెరువకు" అన్నాడు. "ఇప్పుడు చెప్తె నమ్మరు. ఆమెను ఇడిసిపెట్టి నిన్ను పట్టుకుంటరు. పిల్ల ఉన్నది మనకు."

"మరి టీచరమ్మ?"

"పటేల్ ఉన్నడు. ఆయిన సూసుకుంటడు."

ఆయన గొంతులోనే ఆ నమ్మకం లేదు. అంతలో శివమ్మ వచ్చింది. చావడి నుంచే వచ్చింది. మొహం పాలిపోయి ఉన్నది.

"టీచర్‌ను అర్రలకెల్లి గుంజుకొచ్చిన్రు" అన్నది. "ఒక చెప్పు అక్కడ్నే పడిపోయింది. నేను చెప్పిన అమ్మా, అది మా ఆట, రిబ్బన్ యాదమ్మే పెట్టిందని చెప్పిన. ఈ పిల్లకు గూడ పట్టింది, దూరం జరుగుండ్రి అన్నరు." కాసేపు నా వైపు చూసింది. "నిమ్మకాయకు చుట్టిన గుడ్డ నీ గళ్ల చీరది."

నేను పొయ్యిలో కట్టెను లోపలికి తోశాను.

"ఎంకయ్య మామ ఇంటికి పోయి పటుకారు తెచ్చిండు" అన్నది శివమ్మ. ఏడవలేదు. నన్నే చూస్తూ నిలబడింది.

నేను బతుకంతా రాబోయే చెడ్డ కోసం ఎదురుచూసినదాన్ని. పాము వస్తుందని, పిడుగు పడుతుందని, జ్వరం వస్తుందని. ఎటు నుంచి వస్తుందో ఎన్నో దిక్కులు చూశాను. నా కొంగు ముడి దిక్కు మాత్రం చూడలేదు. లేచాను. మా ఆయన తలుపుకు అడ్డం నిలబడ్డాడు. నా మొహం చూసి, ఏమనుకున్నాడో, పక్కకు జరిగి, "నేను గూడ వస్త" అన్నాడు.

చావడి ముందు అనంతమ్మ టీచర్‌ను స్తంభానికి ఆనించి నిలబెట్టారు. రుమాలుతో చేతులు వెనక్కి కట్టారు. అది గైడ్స్ రుమాలు. పెదవి చిట్లింది. ఎంకయ్య పటుకారు పట్టుకుని ఉన్నాడు. పొయ్యి మీది గిన్నెలు దించే ఇనుప పటుకారు. అతను చెడ్డవాడు కాదు. మూడు రోజులుగా నిద్ర లేని తండ్రి. శరణప్ప పటేల్ ఇద్దరి మధ్యకు కర్ర చాపి, "ఆగు. ముందుగాల అడుగుదాం" అంటున్నాడు.

"పంతులమ్మా, ఈ పుస్తకం నీదేనా?"

"నాదే."

"ఈ రిబ్బన్లు, గాజులు?"

"పిల్లలే పెట్టిన్రు. అందరు చూస్తుండంగ పెట్టిన్రు. అది ఆట అని ఇందాక కూడా చెప్పిన."

"ఈ నిమ్మకాయ?"

"నాకు తెల్వదు. నేను పెట్టలేదు. నేను డబ్బా మూసినప్పుడు అది నా కండ్ల పడలేదు."

"దానంతట అది నడిచి గుట్ట ఎక్కిందా?" అని ఎవరో అరిచారు. ఇంకొకరు, "సూది గూడ నడిచొచ్చింది" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

టీచర్ గుంపు అంతా చూసింది. తన దగ్గర చదివిన పిల్లల తల్లులున్నారు అక్కడ. ఒక్కొక్కరూ తలలు దించుకున్నారు. ఆమె చూపు నా మీద పడింది. అందులో ఏ నిందా లేదు. గుట్ట ఎక్కింది నేను కూడా గనుక, ఆట అని చెప్పడానికి ఒక మనిషి వచ్చిందని ఆశ కనబడింది. అది భరించలేకపోయాను.

"అది నాది" అన్నాను.

పక్కనున్నవాళ్లకు కూడా వినబడలేదు. మళ్లీ అన్నాను.

"నిమ్మకాయ నాది పటేలా. టీచరమ్మకు ఎరుక లేకుంట నేనే పెట్టిన."

గుంపు నా నుంచి వెనక్కి జరిగింది. నేను పోయి నేల మీది నిమ్మకాయను చేత్తో తీసుకున్నాను. "ముట్టకు! ముట్టకు!" అని ఆడవాళ్లు అరిచారు. గళ్ల గుడ్డ విప్పి, నా చీర చిరిగిన కొసకు ఆనించి చూపించాను. ఆ చీరే కట్టుకుని ఉన్నాను ఆ రోజు. విభూతి ఇంకా మడతల్లో తెల్లగా ఉన్నది.

"ఝరాసంగం విభూతి ఇది. సూది ఇనుమని పెట్టిన. నా పిల్ల పేరు, నా పిల్ల గుండీ గుట్ట మీద ఉంటదని నాకు భయమైంది. కీడు తగులొద్దని దాని పేరు అనుకుంట పెట్టిన. మా ఇంటి తలుపుకు చూడుండ్రి, సైకిల్‌కు చూడుండ్రి, బర్రె మెడకు చూడుండ్రి. నేను అందరికి తెల్సినదాన్నే గద."

"సైకిల్‌కు కట్టిన దాంట్ల సూది ఉన్నదా?" అన్నాడు ఎంకయ్య.

"లేదు."

"నీ పిల్లకు ఏం గాలె. గుట్టకు పోయిన పదకొండు మందిల పది మందికి ఏం గాలె. నా పిల్లకే ఎందుకైంది?" పటుకారు నా వైపు తిరిగింది. "నీ పిల్ల మీదిది నా పిల్ల మీదికి తోలినవా, చెప్పు?"

మా ఆయన నా ముందుకు వచ్చాడు. "ఎంకయ్యా, డాక్టర్ జ్వరమని చెప్పిండు గద" అన్నాడు. "నిన్ను అడుగుత లేను, ఆమెను అడుగుతున్న" అన్నాడు ఎంకయ్య.

మూడు రోజులుగా నన్ను నేను అడుక్కుంటున్న ప్రశ్నే అది. లేదని గట్టిగా అంటే బతికిపోయేదాన్నేమో. అంత గట్టిగా అనలేకపోయాను.

"తోలలేదు" అన్నాను. "ఎందుకైందో నాకు తెల్వదు. నా చెయ్యి పట్టి గుట్ట ఎక్కించిన పిల్ల. దానికి కీడు కోరితే నా శివమ్మ నాకు దక్కదు."

కన్నబిడ్డ మీద ఒట్టు పెట్టుకునే మనిషిని కాదు నేను. ఎవరైనా పెడితే చెవులు మూసుకునేదాన్ని. అనేశాక అక్కడే కూర్చున్నాను. శివమ్మ వచ్చి నా పక్కన కూర్చున్నది.

ఎవరికి తోచింది వాళ్లు అంటున్నారు. ఇద్దరూ కలిసి చేసి ఉంటారని ఒకరు. సుగుణమ్మది పిరికి ప్రాణం, దానికి అంత ధైర్యమెక్కడిదని ఒకరు. శరణప్ప పటేల్ కర్రతో నేలను కొట్టాడు.

"సాలు. మనం అనుకునుడు కాదు. మంచంల ఉన్నది నారమ్మ పిల్ల. పక్కపక్కన పదిహేనేండ్ల సంది ఉంటున్నరు ఇద్దరు. నారమ్మా, నువ్వు చెప్పు. ఈమె మాట నమ్ముతవా, నమ్మవా? నువ్వు నమ్మకుంటె నేను అడ్డం రాను. నమ్మితె పంతులమ్మ కట్లు ఇప్పి ఎవలింటికి వాళ్లు పోవాలె."

నారమ్మ చావడి మెట్టు మీద కూర్చుని ఉన్నది. ఒడిలో ఎర్ర రిబ్బను. తల ఎత్తలేదు.

ఈరయ్య మేకలు ఎక్కడో అరుస్తున్నాయి. రోడ్డు మీద ఒక లారీ పోయింది, దాని చప్పుడు వినబడనంత దూరం పోయింది. నారమ్మ పలకలేదు. "చెప్పు" అన్నాడు ఎంకయ్య. పలకలేదు. రిబ్బనును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉన్నది. టీచర్ కళ్లు మూసుకున్నది. శివమ్మ వేళ్లు నా చేతిని ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే నాకు నొప్పి పెట్టింది. నొప్పి పెట్టడమే బాగున్నది.

నేను నారమ్మనే చూస్తున్నాను. ఏమన్నా పడదామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

చాలాసేపటికి నారమ్మ లేచింది. మెట్టు దిగి, గుంపు మధ్య నుంచి నా ముందుకు వచ్చి వంగింది. నా చేతిలోని నిమ్మకాయను, ఊరంతా ముట్టడానికి భయపడ్డ దాన్ని, తన చేతిలోకి తీసుకున్నది. అటూ ఇటూ తిప్పి చూసింది. గళ్ల గుడ్డను బొటనవేలితో తడిమింది. ఎంకయ్య చేతిలోని పటుకారు మెల్లగా కిందికి దిగింది.

అప్పుడు పలికింది, నాతో ఒక్కదానితోనే మాట్లాడుతున్నట్టు.

"ఇంత పెట్టినదానివి, నా యాదమ్మ పేరు గూడ ఒక్కసారి అనుకుంటె నీ నోరు అరిగిపోతుండెనా అక్కా?"